అరుదైన నిమ్మజాతి చెట్ల ఇంటి పెంపకం

నిమ్మ, బత్తాయి, కమలా తోటల్లో ఎకరాల లెక్కన పెరుగుతాయి, లారీల్లో బజారుకు వస్తాయి. అదే కుటుంబంలో బజారు మొహం పెద్దగా చూడని చెట్లు ఎన్నో రకాలు ఉన్నాయి. రసం, గుజ్జు లేకుండా పండంతా వేళ్ళుగా చీలిపోయే బుద్ధహస్తం, కోస్తే రసం పూసలు పూసలుగా రాలే ఆస్ట్రేలియా ఫింగర్ లైమ్, కాయకన్నా ఆకుకే గిరాకీ ఉన్న మక్రూట్, తొక్కతో సహా నోట్లో వేసుకునే కుమ్‌క్వాట్ ఈ కోవలోవి. వీటిని పెరట్లో, మిద్దె మీద, చలిదేశాల్లోనైతే గాజుగదిలో పెంచడం పాత సరదాయే. ఇప్పుడు మొక్క సంపాదించడం పెద్ద పని కాదు. కష్టమంతా దాన్ని నాలుగైదేళ్ళు నిలబెట్టి, పేరుకు తగ్గ కాయ కాయించడంలో ఉంది. ఆ సంగతి తేల్చేవి ముఖ్యంగా రెండు: అంటు కింద ఉన్న వేరు, ఆ ఊరి రాత్రుల చలి. మొక్కకు కట్టిన చీటీ మీద ఈ రెండూ సాధారణంగా ఉండవు.

వంశం

2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన జన్యు అధ్యయనం నిమ్మజాతి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతమని చెప్పింది. అంటే అస్సాం తూర్పు భాగం, ఉత్తర మయన్మార్, చైనాలోని పశ్చిమ యునాన్ కలిసే చోటు. మూల జాతులు కొద్దే. వాటిలో ముఖ్యమైనవి మాదీఫలం, పంపర పనస, మాండరిన్ కమలా. మనం వాడే రకాల్లో చాలా భాగం వీటి మధ్య కుదిరిన సంకరాలు. పంపర పనస, మాండరిన్ కలిసి పుల్ల నారింజ అయింది. ఆ నారింజతో మాదీఫలం కలిస్తే పాశ్చాత్యుల లెమన్ పుట్టింది. మన వంటింటి నిమ్మకు మాదీఫలం తండ్రి, ఫిలిప్పీన్స్ వైపు పెరిగే మైక్రాంతా అనే అడవి జాతి తల్లి. అంట్లకు వేరుగా వాడే జంబేరి, రంగపూర్ నిమ్మ రెండూ మాండరిన్, మాదీఫలాల సంతానం. చిన్న నారింజ రంగు కాయలు గుత్తులుగా కాసే కలమాండిన్ కుమ్‌క్వాట్, మాండరిన్‌ల బిడ్డ.

ఈ చుట్టరికం ఇంట్లో పెంచేవారికి నేరుగా పనికొస్తుంది. మాదీఫలం రక్తం ఎక్కువున్న చెట్లు ఏడాదిలో పలుసార్లు పూస్తాయి, వేడిని ఇష్టపడతాయి, మంచు పడితే మొదట చచ్చేవీ అవే. కుమ్‌క్వాట్, యూజు, మాండరిన్ బంధువులు చలికి ఓర్చుకుంటాయి. కుమ్‌క్వాట్ చలికాలంలో దాదాపు నిద్రపోతుంది, వసంతం బాగా ముదిరాకే చివురు వేస్తుంది. దాని స్వభావం తెలియనివాళ్ళు మొక్క చచ్చిందనుకుని పీకేస్తారు.

గింజల విషయంలోనూ వంశమే మాట్లాడుతుంది. నిమ్మ, రంగపూర్, జంబేరి, కలమాండిన్ గింజల్లో ఒకటికి మించి పిండాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచే పుడతాయి కాబట్టి మొక్క అచ్చంగా తల్లిలాగే వస్తుంది. పంపర పనస, మాదీఫలం గింజలో పిండం ఒక్కటే, అదీ పరాగసంపర్కంతో ఏర్పడ్డదే. మంచి పంపర పనస తిని గింజ నాటితే ఏడెనిమిదేళ్ళ తరువాత ఏ కాయ వస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా గింజ మొక్కలకు బాల్యం ఎక్కువ, ముళ్ళూ ఎక్కువే. అందుకే అరుదైన రకమనగానే అంటు మొక్క అనే అర్థం.

కుండీల్లోకి వచ్చిన కథ

నిమ్మజాతిని తొట్లలో పెట్టి, చలికాలం లోపలికి, వేసవి బయటికి మోసే పద్ధతిని ఐరోపా రాజులు పెద్ద ఎత్తున నడిపారు. వెర్సాయ్ రాజప్రాసాదంలో 1684–86 మధ్య జూల్ ఆర్దువాన్-మాన్సార్ కట్టిన ఒరాంజరీ ఇప్పటికీ పనిచేస్తోంది. చెక్క పెట్టెల్లోని నారింజ చెట్లు వేసవంతా ఆరుబయట ఉండి, చలికాలం ఆ పొడవైన రాతి శాలలోకి వెళ్తాయి. ఫ్లోరెన్స్ దగ్గర కాస్తెల్లో భవనంలో మెదిచి వంశీకులు కూడబెట్టిన నిమ్మజాతి సేకరణలో వందల కుండీలున్నాయి. వింతల కోసం వెతికే అలవాటు అక్కడే ముదిరింది. పదిహేడో శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లో ఒక చెట్టు పుల్ల నారింజనూ, మాదీఫలాన్నీ, సగం సగం రెండూ కలిసిన కాయలనూ ఒకే కొమ్మల మీద కాసింది. దానికి ‘బిజ్జారియా’ అని పేరు పెట్టారు. 1674లో పియెత్రో నాతి అనే వైద్యుడు దాన్ని వర్ణిస్తూ పుస్తకం రాశాడు. అది సంకరం కాదు. అంటు కట్టిన చోట రెండు చెట్ల కణజాలం అల్లుకుపోయి పుట్టిన చిగురు. తరువాత అది అంతరించిందనే అనుకున్నారు. 1980 ప్రాంతంలో మళ్ళీ దొరికింది, ఇప్పుడు కాస్తెల్లో కుండీల్లో ఉంది.

తూర్పున కథ ఇంత ఆర్భాటం లేకుండా నడిచింది. దక్షిణ చైనా, వియత్నాంలలో చాంద్రమాన కొత్త సంవత్సరానికి కాయలతో నిండిన కుమ్‌క్వాట్ కుండీ ఇంటి ముందు ఉండాల్సిందే. ఆ సమయానికి కాయ రంగెక్కేలా నీరు, కత్తిరింపు సర్దడం అక్కడి తోటమాలుల ప్రత్యేక విద్య. కుమ్‌క్వాట్‌ను 1846లో ఇంగ్లండుకు చేర్చినవాడు రాబర్ట్ ఫార్చూన్. ఆయన పేరుమీదే దానికి చాలాకాలం ఫార్చునెల్లా అనే ప్రజాతి నామం నడిచింది.

అమెరికా వ్యవసాయ శాఖ తరఫున మొక్కలు వెతుకుతూ తిరిగిన ఫ్రాంక్ మేయర్ 1908లో పెకింగ్ ప్రాంతం నుంచి ఒక కుండీ మొక్కను పంపాడు. చైనాలో దాన్ని ఇంటి అలంకారంగానే పెంచేవారు. గుండ్రని, పల్చటి తొక్క, పులుపు తక్కువున్న ఆ కాయ ‘మేయర్ లెమన్’గా కాలిఫోర్నియా పెరళ్ళన్నిట్లోకీ పాకింది. తరువాత తేలిందేమిటంటే, ఆ చెట్లలో చాలావాటికి ట్రిస్టెజా వైరస్ ఉంది. తాము ఏ లక్షణమూ చూపకుండా పక్క చెట్లకు దాన్ని అంటించగలవు. పుల్ల నారింజ వేరు మీద అంటుకట్టిన తోటలను ఆ వైరస్ దక్షిణ అమెరికాలో లక్షల లెక్కన చంపింది. కాలిఫోర్నియాలో పాత మేయర్ మొక్కలను నిషేధించి తీసేయించారు. వైరస్ లేని మొక్కను ఎంచి, వృద్ధి చేసి, 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ‘ఇంప్రూవ్డ్ మేయర్’గా విడుదల చేసింది. ఇప్పుడు కుండీల్లో అమ్మేది అదే.

ఏవి పెంచవచ్చు

అరుదు అనేది ఊరిని బట్టి మారే మాట. కోస్తా జిల్లాల్లో పెరటి దబ్బచెట్టు ఒకప్పుడు వింత కాదు. లేత ఆకు నలిపి మజ్జిగలో వేసేవారు, కాయ ఊరగాయకూ పులిహోరకూ వచ్చేది. అపార్టుమెంట్లు వచ్చాక హైదరాబాదు, విజయవాడల్లో ఫింగర్ లైమ్ మొక్క కన్నా మంచి దబ్బ అంటు దొరకడమే కష్టమయ్యేట్టుంది. మొదటిసారి పెంచేవారు దబ్బ, నారింజ, మాదీఫలాలతో మొదలుపెట్టడం మేలు. ఇవి మన ఎండకు అలవాటు పడ్డవి. మాదీఫలం కొమ్మ గుచ్చినా వేరు పట్టుకుంటుంది. శిల్పాల్లో దేవతల చేతిలో కనిపించే బీజపూరం ఇదే. కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలో ఉన్న మాతులుంగం కూడా. యూదులు సుక్కోత్ పండుగకు వాడే ఎత్రోగ్ ఇదే జాతి. వారి నియమం ప్రకారం అంటు కట్టని చెట్టు కాయ అయితేనే పూజకు పనికొస్తుంది కనుక, ఎత్రోగ్ తోటల్లో అంటు విద్య ఊసెత్తరు.

బుద్ధహస్తం మాదీఫలంలోనే ఒక రకం. లోపల తెల్లటి దళసరి పొరే తప్ప తొనలుండవు. అయినా ఒక్క పండు గదంతా వాసన నింపుతుంది. తొక్కను పాకం పట్టి నిల్వ చేస్తారు. మన వేడిలో బాగానే పెరుగుతుంది, గాలివానకు కొమ్మలు విరుగుతాయి. కాయ బరువుకు వంగే కొమ్మకు కర్ర ఊతం తప్పదు.

ఈశాన్య భారతం, బెంగాల్‌ల నిధి ఇంకా పెద్దది. అస్సాం ‘కాజీ నేము’ పొడవాటి, దాదాపు గింజలేని కాయ. గుత్తులుగా ఏడాది పొడవునా కాస్తుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది, 2024లో అస్సాం దాన్ని రాష్ట్ర ఫలంగా ప్రకటించింది. కొమ్మ కత్తిరింపులతో వస్తుంది, డ్రమ్ములోనూ కాస్తుంది, తెలుగు జిల్లాల మిద్దె తోటలకు బయటినుంచి తెచ్చుకోదగ్గ రకాల్లో నా లెక్కలో మొదటిది. బెంగాల్ గంధరాజ్ నిమ్మలో రసం తక్కువ, సువాసన విపరీతం. అన్నం, పప్పు పక్కన ఒక ముక్క చాలు. మేఘాలయ గారో కొండల్లోని నోక్రెక్ ప్రాంతంలో పెరిగే మేమాంగ్ నారంగ్ అడవి జాతి. దాని శాస్త్రీయ నామమే సిట్రస్ ఇండికా. గారోలకు అది ఔషధమే కాదు, చావు కర్మల్లోనూ భాగం. అక్కడ దాని కోసమే జన్యు సంరక్షణ వనం ఏర్పాటు చేశారు. దాన్ని కుండీలోకి తెచ్చుకోవాలని ఆశపడడం కన్నా అడవిలో వదిలేయడం మంచిది. పంపర పనసల్లో బెంగళూరు శివారు దేవనహళ్ళి చకోతకు భౌగోళిక గుర్తింపు ఉంది. పంపర పనస పెద్ద చెట్టు, చాలా రకాలు తమ పుప్పొడితో తాము కాయవు. ఒంటరి చెట్టు విరగబూసి ఒక్క పిందె నిలపకపోతే ఎరువును తిట్టడం అన్యాయం.

మక్రూట్ ఆకు ఒకదాని కొస నుంచి ఇంకొకటి మొలిచినట్టు జంటగా కనిపిస్తుంది. నిజానికి కింది సగం రెక్కలు తొడిగిన తొడిమ. థాయ్ పులుసుల్లో వేసేది ఇదే. ఆకు కోసం పెంచేది కాబట్టి పూత, కాయల బెంగ లేదు, నాలుగు గంటల ఎండతోనూ సరిపెట్టుకుంటుంది. కలమాండిన్, కుమ్‌క్వాట్‌లు చిన్న కుండీలకు బాగా సరిపోతాయి. వర్షాకాలంలో నిమ్మను పీడించే గజ్జి తెగులు వీటికి అంతగా అంటదన్నది ఎవరూ పెద్దగా ప్రచారం చేయని సుగుణం.

ఇక నిరాశపరిచేవి. ఫింగర్ లైమ్ తూర్పు ఆస్ట్రేలియా వర్షారణ్యంలో పెద్ద చెట్ల నీడన పెరిగే ముళ్ళ పొద. మే నెల వడగాలికి దాని గోరంత ఆకులు మాడిపోతాయి. సగం నీడనిచ్చే వల, తేమ ఉంటే తప్ప బతకదు, బతికినా చాలా నెమ్మది. యూజు కొరియా, జపాన్ చలిలో రాటుదేలిన చెట్టు. కొండ ప్రాంతాల్లో ప్రయత్నించవచ్చు. బ్లడ్ ఆరెంజ్ విషయంలో మోసపోవడం మరీ తేలిక. గుజ్జును ఎర్రబరిచే ఆంథోసయనిన్ తయారీని రూబీ అనే జన్యువు నడుపుతుంది, అది మేల్కోవడానికి చలి కావాలి. సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం చుట్టూ పగలు ఎండ, రాత్రి చలి ఉంటాయి కాబట్టే అక్కడి పండు నెత్తుటి రంగు తేలుతుంది. అదే అంటును బాపట్లలో నాటితే మామూలు బత్తాయి రంగు గుజ్జే వస్తుంది. నర్సరీవాడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, మొక్క అసలుదే కావచ్చు. బత్తాయి తొక్క మన దగ్గర ఆకుపచ్చగానే పండడానికీ కారణం ఇదే. రాత్రులు 13–15 డిగ్రీలకు దిగితే తప్ప తొక్కలోని పచ్చదనం పూర్తిగా పోదు.

వేరు, మట్టి, నీరు

ఆంధ్ర, తెలంగాణల్లో బత్తాయి అంట్లకు రంగపూర్ నిమ్మ వేరును సిఫారసు చేస్తారు. సున్నం, బెట్ట తట్టుకోవడం దాని బలం. జంబేరి వేరు చెట్టును త్వరగా పెంచుతుంది, నీరు నిలిస్తే కుళ్ళుతుంది. చలిదేశాల్లో మూడాకుల నారింజ మీద కడతారు. అది గడ్డకట్టే చలికి తాళుతుంది, దానిలోని ‘ఫ్లయింగ్ డ్రాగన్’ రకం చెట్టును పొట్టిగా ఉంచుతుంది. కానీ క్షారగుణమున్న మట్టి, ఉప్పు బోరునీరు దానికి గిట్టవు. ఈ వేరు మీద కట్టిన మొక్కను సున్నం ఎక్కువున్న బోరునీటితో పెంచితే ఆకు ఈనెలు పచ్చగా, మిగతా భాగం పసుపుగా మారుతుంది. ఇనుము మట్టిలో ఉన్నా వేరు తీసుకోలేకపోవడమే దీనికి కారణం. చీలేటెడ్ ఇనుము ఇస్తే కొంతకాలం తేరుకుంటుంది, శాశ్వత వైద్యం వేరు మార్చడమే. వాన నీరు పట్టి పోసేవాళ్ళకు ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైనైనా ఉండాలి. పాతిపెడితే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి కాండాన్ని పట్టి బంక తెగులు వస్తుంది. అంటు కింద నుంచి వచ్చే చిగురును కనిపించిన రోజే తుంచాలి. మూడాకుల వేరైతే ఆకు చూడగానే తెలిసిపోతుంది. రంగపూర్, జంబేరి వేళ్ళ చిగురు మామూలు నిమ్మలాగే ఉంటుంది. అది బలిసి పై అంటును చంపేశాక, తెచ్చిన మొక్క జాతి మారిందని ఫిర్యాదు చేసేవారు తక్కువేమీ కాదు. ఒకే చెట్టుకు నాలుగైదు రకాలు కట్టే సరదాలోనూ బలాబలాల తేడా ఉంది. నిమ్మ, లెమన్ కొమ్మలు కుమ్‌క్వాట్ కొమ్మను రెండు మూడేళ్ళలో మింగేస్తాయి, ఏటా వాటినే ఎక్కువ కత్తిరించాలి.

నిమ్మజాతి వేళ్ళకు నూగువేర్లు తక్కువ, ఊపిరి ఆడని మట్టిలో త్వరగా చస్తాయి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ముతక ఇసుక లేదా కొబ్బరి పొట్టు, కాస్త వేపపిండి కలిపిన మిశ్రమం సరిపోతుంది. నల్లరేగడి కుండీకి వద్దు. నీరు పోసినప్పుడు కింది రంధ్రం నుంచి కారేదాకా పోసి, పై రెండంగుళాలు ఆరాకే మళ్ళీ పోయాలి. కుండీల్లో చచ్చే నిమ్మ మొక్కల్లో ఎండి చచ్చేవాటి కన్నా మునిగి చచ్చేవే ఎక్కువ. మిద్దె మీద ఇంకో శత్రువు నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము. మే ఎండలో దాని గోడకు ఆనుకున్న వేళ్ళు ఉడికిపోతాయి. తెల్ల సున్నం పూసినా, డ్రమ్మును ఇటుకల మీదకు ఎత్తినా, చుట్టూ గోనె చుట్టినా తేడా కనిపిస్తుంది. చలిదేశాల్లో బాధ తిరగబడుతుంది. కిటికీ ఎండకు ఆకు వేడెక్కి, చల్లని నేల మీద కుండీలో వేరు 13 డిగ్రీల కిందికి పోతే వేరు నీరు లాగలేదు, మొక్క ఆకంతా రాలుస్తుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో నిమ్మ కుండీ పెట్టుకున్న తెలుగువారు ఆకు రాలగానే మరింత నీరు పోస్తారు. కుండీ కిందకు కాస్త వెచ్చదనం ఇస్తే చాలు.

పూత కోసం రైతులు చెట్టును బెట్ట పెడతారు. నేలను బట్టి కొన్ని వారాలు నీరు ఆపి, ఆకు వాడాక ఎరువు వేసి తడిపితే పూత విరుచుకుపడుతుంది. కుండీలో అన్నాళ్ళు ఆగితే మొక్కే పోతుంది, ఆకు కొద్దిగా ముడుచుకునేదాకా కొద్ది రోజులు చాలు. పూసినవాటిలో నూటికి ఒకటి రెండు నిలిస్తే గొప్పే. మిగతావి రాలడం సహజం. నత్రజని ఆకలి ఎక్కువున్న జాతి ఇది. కుండీలో కొద్దికొద్దిగా తరచుగా వేయాలి, జింకు, మాంగనీసు, ఇనుము ఆకుల మీద పిచికారీ చేయాలి.

పురుగులు, రోగాలు, చట్టాలు

లేత చివురు రాగానే ఆకుతొలిచే పురుగు వెండి గీతలు గీస్తుంది. ఆ గాయాల్లోంచే గజ్జి తెగులు లోపలికి పోతుంది కాబట్టి రెండింటినీ కలిపి చూడాలి. వేపనూనె చివురు దశలో పనిచేస్తుంది, ముదిరాక దండగ. పిట్టరెట్టలాంటి రూపంలో ఆకు మీద కూర్చుని, పెరిగాక పచ్చగా మారి, ముట్టుకుంటే నారింజ రంగు కొమ్ములు బయటికి చాచి ఘాటు వాసన కొట్టే పురుగు నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పెద్ద చెట్టు దాన్ని భరించగలదు. చిన్న కుండీ మొక్కను రెండు రోజుల్లో మోడు చేస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది గ్రీనింగ్ వ్యాధి. సిల్లా అనే చిన్న పురుగు దాన్ని మోస్తుంది, చికిత్స లేదు. ఫ్లోరిడాలో 1998లో పురుగు, 2005లో వ్యాధి కనిపించాయి. 2003–04లో 24 కోట్ల పెట్టెలున్న అక్కడి నారింజ దిగుబడి, తుఫానులూ తోడై, 2023–24 నాటికి రెండు కోట్ల పెట్టెల లోపుకు పడిపోయింది. కాలిఫోర్నియాలో ఈ వ్యాధి 2012లో మొదట దొరికింది తోటలో కాదు. లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఇంటి పెరట్లోని లెమన్, పంపర పనస అంటుచెట్టులో. స్నేహితులు ఒకరికొకరు అంటుపుల్లలు పంచుకోవడం ఎంత ముచ్చటైనదో అంత ప్రమాదమని ఆ దేశపు నిబంధనలు అప్పటినుంచి గట్టిగా చెబుతున్నాయి. అక్కడ ఇళ్ళలో పెంచేవారు రివర్‌సైడ్ విశ్వవిద్యాలయం నడిపే సిట్రస్ క్లోనల్ ప్రొటెక్షన్ ప్రోగ్రామ్ నుంచి పరీక్షించిన అంటుపుల్లలు కొనుక్కోవచ్చు.

తెలుగువారికి ఇందులో ప్రత్యేక వాటా ఉంది. కరివేపాకు కూడా నిమ్మ కుటుంబానిదే. అది ఈ వ్యాధితో చావదు గానీ సిల్లా పురుగుకు ఇష్టమైన నెలవు. అందుకే అమెరికాలో క్వారంటైన్ ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కను బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. డాలస్‌లోని చుట్టాలకు కుండీ బహుమతిగా మోసుకెళ్ళే ముందు ఆ నిబంధన చూసుకోవాలి. మన దేశంలోకి మొక్కగానీ, కొమ్మగానీ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు కింద దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం అవసరం. సూట్‌కేసులో చుట్టుకొచ్చిన అంటుపుల్ల ఎంత అరుదైనదైనా నాగపూర్, నల్లగొండ తోటలకు ముప్పే. నాగపూర్‌లోని కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ వైరస్ లేని మొక్కలు తయారుచేస్తుంది. దేశీయ రకాలకు అది నమ్మదగ్గ దారి.

కోత

నిమ్మజాతి కాయ కోశాక మామిడిలా మాగదు, తీపి చెట్టు మీదే రావాలి. రంగు చూసి కోస్తే మన వాతావరణంలో మోసపోతాం. ఒక కాయ కోసి రుచి చూడడమే పద్ధతి. మక్రూట్ ఆకు ముదిరినదే మంచిది, డీప్ ఫ్రీజర్‌లో పెట్టినా ఘుమఘుమ తగ్గదు. గంధరాజ్, యూజు తొక్కను తెల్లపొర తగలకుండా తురుముకోవాలి. కుమ్‌క్వాట్ తొక్క తీపి, లోపల పులుపు. వేళ్ళ మధ్య కాసేపు నలిపి నోట్లో వేసుకుంటే రెండూ కలుస్తాయి. కుమ్‌క్వాట్, కలమాండిన్ కాయలు నెలల తరబడి కొమ్మ మీదే చెడకుండా ఉంటాయి కాబట్టి చూడముచ్చటగా వదిలేస్తారు. అలా మరీ ఎక్కువకాలం ఉంచిన చెట్టుకు తరువాతి పూత పల్చబడుతుంది.